చెరువు మట్టిలో కుమ్మరి వాటా ఎక్కడ? అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్లకు, నీటిపారుదల శాఖ ఇంజనీర్లకు, గనుల శాఖ అధికారులకు, తహసీల్దార్లకు నమస్కారాలు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో చెరువు మట్టితో కుండలు, కూజాలు, ప్రమిదలు, టెర్రకోట బొమ్మలు చేసి అమ్ముకుని బతికేవాళ్లం రాస్తున్న లేఖ ఇది. సోమవారం సోమవారం అర్జీలు ఇచ్చాం. రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. ఒక ఆఫీసుకు వెళితే మట్టి గనుల శాఖదంటారు. అక్కడికి వెళితే చెరువు ఇరిగేషన్‌దంటారు. ఇరిగేషన్‌ వాళ్లు చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి రెవెన్యూది కదా, తహసీల్దారును అడగండంటారు. అందుకే అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాం, అందరి ముందూ పెడుతున్నాం.

మేము అడిగేది ఒక్కటే. ఊరి చెరువులో కుండకు పనికొచ్చే మట్టి ఎక్కడుందో గుర్తించి, ఆ కాస్త చోటును కుమ్మరి పనికి రాసిపెట్టండి. పూడిక తీసేటప్పుడు ఆ మట్టిని మిగతా మట్టిలో కలపకండి. దాన్ని ఇంటికి తెచ్చుకునే మా ట్రాక్టరును దారిలో ఆపకండి. ఇది ఎందుకు అవసరమో, దీనికి ఎంత మట్టి పడుతుందో, ఇవ్వకపోతే ఎవరికి నష్టమో వరుసగా చెబుతాం.

1. చెరువులో ఉన్న మట్టంతా కుండ మట్టి కాదు.

పైనుంచి చూస్తే చెరువంతా ఒకటే నల్లని బురదలా కనిపిస్తుంది. తవ్వితే పొరలు తెలుస్తాయి. మీద జానెడు మందాన తుంగ వేర్లు, కుళ్లిన ఆకు, నత్తగుల్లలు ఉంటాయి. అది పొలానికి బంగారం, సారె (కుండ చేసే చక్రం) మీదికి పనికిరాదు. దాని కింద, నీళ్లు నిదానంగా నిలిచి తేరుకున్న చోట, వెన్నలాంటి బంకమట్టి పొర ఉంటుంది. ఆ పొర ఒకచోట అడుగు మందం, ఇంకోచోట రెండడుగులు, కొన్నిచోట్ల అసలుండదు. దాని కింద మొరం, లేదా ఇసుక, లేదా సుద్ద. వాగు చెరువులో కలిసే చోట ఇసుక పాలు ఎక్కువ. కట్ట దగ్గర, తూము ముందు మట్టి మెత్తన. ఊరి మురుగు కాలువ కలిసే మూలలో ఉప్పు చేరుతుంది. ఆ మట్టితో చేసిన కుండ ఆరగానే ఒంటినిండా తెల్లగా పూస్తుంది.

ఆ మంచి పొరనూ ఉన్నపళాన వాడం. నల్లరేగడి పాలు ఎక్కువైతే ఆరేటప్పుడు విపరీతంగా ముడుచుకుని నెర్రెలిస్తుంది. అందుకని మూడు పాళ్ల చెరువు మట్టికి ఒక పాలు ఎర్రమట్టి, తగినంత సన్న ఇసుక కలుపుతాం. ఈ లెక్క చెరువు చెరువుకూ మారుతుంది. నిప్పుల మీద పెట్టే వంట దాకకు ఇసుక ఇంకాస్త పెంచాలి, లేకపోతే సెగకు పగులుతుంది. మట్టిని బాగా ఎండబెట్టి, గడ్డలు కొట్టి, జల్లెడ పట్టి, రెండు మూడు రోజులు నానబెట్టి, తేరిన నీళ్లు వంపేసి, తొక్కి తొక్కి ముద్ద చేస్తే గాని సారె ఎక్కదు. సారె మీద పని నిమిషాల్లో తేలిపోతుంది, మట్టి సిద్ధం చేయడానికి వారం పడుతుంది. ఆ వారం కష్టమంతా తవ్వి తెచ్చిన మట్టి మంచిదైతేనే ఫలిస్తుంది.

2. మాకు కావలసింది చాలా తక్కువ.

లెక్క చెబుతాం, మీ ఇంజనీర్లు సరిచూడవచ్చు. ట్రాక్టర్ ట్రాలీకి సుమారు 100 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. ఏడాది పొడుగునా పని చేసే కుటుంబానికి ఆరు నుంచి పది ట్రాలీలు చాలు. ఒక ఊళ్లో పది కుటుంబాలున్నాయనుకుందాం, ఒక్కొక్కరికీ పది ట్రాలీలే వేసుకుందాం. మొత్తం వంద ట్రాలీలు, అంటే 10,000 ఘనపుటడుగులు. ఒక అడుగు లోతున తవ్వితే పావు ఎకరం కూడా నిండదు. తెలంగాణ లెక్కలో పది గుంటల లోపు, ఆంధ్ర లెక్కలో పాతిక సెంట్ల లోపు.

ఇదే మట్టి ఇటుకలు పోస్తే సుమారు లక్ష ఇటుకలకు సరిపోతుంది. అంటే ఊరంతటి కుమ్మరుల ఏడాది బతుకుకు పట్టే మట్టి ఒక ఇటుక బట్టీకి ఏ మూలకూ రాదు. అయినా బట్టీకి టిప్పర్లు వెళుతుంటాయి, కుమ్మరి ట్రాక్టరు పోలీస్ స్టేషన్ ముందు నిలబడుతుంది. ఇటుక బట్టీ వాళ్ల మీద మాకు ఏ కోపమూ లేదు. మా వాటా కొలత ఎంతో మీరు ఒకసారి కాగితం మీద చూడాలన్నదే మా మాట.

3. మట్టి తవ్వే రోజులు ఏడాదిలో నెలన్నరే.

చెరువు అడుగంటేది ఏప్రిల్, మే నెలల్లో. జూన్‌లో తొలకరి పడితే ఆ ఏటికి చెరువులో దిగడం అయిపోయినట్టే. వచ్చే వేసవిలో అమ్మే కూజాలకు, కార్తీకంలో వెలిగే ప్రమిదలకు, వినాయక చవితి మట్టి ప్రతిమలకు, అన్నిటికీ మట్టి ఈ నలభై యాభై రోజుల్లోనే ఇంటికి చేరాలి. అవే రోజుల్లో నీళ్ల కుండల గిరాకీ. ఒక మనిషి సంతలో ఉంటే ఇంకో మనిషి చెరువులో ఉండాలి.

అనుమతి కాగితం కోసం ఏప్రిల్‌లో అర్జీ పెడితే, అది మూడు ఆఫీసులు తిరిగి జూన్ నెలాఖరుకు వస్తే, ఆ కాగితం ఎందుకూ కొరగాదు. అప్పటికి చెరువులో నీళ్లు చేరి ఉంటాయి. మీకు అది రెండు నెలల ఆలస్యం. మాకు ఒక సంవత్సరం.

ఇప్పుడు ఇంకో కొత్త చిక్కు. ఎత్తిపోతల నీళ్లతో నింపే చెరువులు చాలాచోట్ల వేసవిలోనూ ఎండడం లేదు. రైతుకూ, పశువులకూ, బెస్త కుటుంబాలకూ అది మేలు, మేమూ సంతోషిస్తున్నాం. అలాంటి చెరువును తూము మరమ్మతుకో కట్ట పనికో ఖాళీ చేసినప్పుడే మట్టి తీసుకునే వీలు. ఆ తేదీ మాకు ముందుగా తెలియాలి. తెలిస్తే రెండేళ్లకు సరిపడా తెచ్చి కుప్ప పోసుకుంటాం. ఎండకూ వానకూ నానుతూ ఆరుతూ పడి ఉన్న మట్టి ఇంకా మెత్తబడుతుందే గాని చెడిపోదు.

4. పూడికతీతలో మా మట్టి కలిసిపోయింది.

తెలంగాణలో 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు కింద కూడా చెరువుల పూడిక తీశారు. చెరువు బాగుపడితే ఊరు బాగుపడుతుంది. ఆ పనులను మేము తప్పుపట్టడం లేదు. తప్పు పని చేసిన పద్ధతిలో ఉంది.

ప్రొక్లెయినర్ తొట్టె ఒక్కసారి దిగితే మూడు నాలుగడుగులు తవ్వుకొస్తుంది. పైన ఉన్న వేళ్ల మట్టి, మధ్యలో ఉన్న బంకమట్టి, కింద ఉన్న మొరం, సుద్ద, అన్నీ ఒకే తొట్టెలో కలిసి టిప్పర్‌లో పడతాయి. పొలానికి ఇది ఇబ్బంది కాదు, దున్నితే కలిసిపోతుంది. కుండకు మాత్రం ఆ మట్టి ఇక పనికిరాదు. జల్లెడకు రాయి పోతుంది గాని సుద్ద పొడి పోదు. వందల ఏళ్లుగా వానవానకూ పేరుకున్న పొర అది. ఒకసారి మొరంతో కలిసిందంటే మా జీవితకాలంలో తిరిగి ఏర్పడదు.

ఇప్పుడు కొన్ని ఊళ్ల కుమ్మరులు పక్క మండలం నుంచి మట్టి కొని తెచ్చుకుంటున్నారు. మట్టికి డబ్బు, ట్రాక్టరుకు కిరాయి, తవ్వినవాళ్లకు కూలి, ఆపినచోట జరిమానా, అన్నీ కుండ మీదే పడాలి. కొనేవాళ్లు అంత ఇవ్వరు.

5. చట్టంలో ఉన్న మినహాయింపు మా ఊరి దారి దాకా రాలేదు.

కేంద్ర పర్యావరణ శాఖ 2016 జనవరి 15న ఇచ్చిన నోటిఫికేషన్ తొమ్మిదో అనుబంధం చూడండి. కుమ్మరులు తమ ఆచారం ప్రకారం కుండలు, దీపాలు, బొమ్మలు చేసుకోవడానికి చేత్తో తవ్వుకునే మామూలు బంకమట్టికి, ఇసుకకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదని అందులో ఉంది. 2020 మార్చి 28న ఆ అనుబంధాన్ని మార్చినప్పుడు కూడా ఈ మినహాయింపును ఉంచారు. చేత్తో తవ్వాలన్న షరతు మాకు పూర్తిగా సమ్మతం. పారతో పొర చూసుకుంటూ తవ్వితేనే మంచి మట్టి వస్తుంది.

అయితే ఇది పర్యావరణ అనుమతికి సంబంధించిన మినహాయింపు మాత్రమే, మట్టి తీసుకెళ్లడానికి గనుల శాఖ అనుమతి వేరే విషయం అని మీ కింది సిబ్బంది అంటారు. ఆ మాట నిజమే. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం 15వ సెక్షన్ ప్రకారం చిన్న తరహా ఖనిజాలకు నియమాలు పెట్టే అధికారం రాష్ట్రాలది. అదే చట్టం 21వ సెక్షన్ అనుమతి లేకుండా ఖనిజం మోసే వాహనాన్ని పట్టుకునే వీలిస్తుంది. మట్టి మాఫియా కోసం పెట్టిన ఆ సెక్షన్ భయం ఇప్పుడు మా మీద పడుతోంది. ట్రాక్టరు మాది కాదు, కిరాయిది. ఒకసారి పట్టుబడితే ఆ యజమాని మళ్లీ కుమ్మరి మట్టికి బండి పంపడు. జరిమానా ఒక రోజుది, బండి దొరక్కపోవడం ఎప్పటికీ ఉండేది.

6. మట్టి చెడితే నష్టం కుండ కొన్నవాళ్లదీ.

సుద్ద సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కుండలు కొన్నవాళ్లు మమ్మల్ని ఎక్కువగా తిట్టేది దీనికే, తప్పు ఎక్కడుందో వాళ్లకు తెలియదు. మట్టిలో ఆవగింజంత సుద్ద పలుకో నత్తగుల్ల ముక్కో ఉందనుకోండి. పచ్చికుండలో అది కనపడదు. కుండలు కాల్చే ఆవంలో సెగ 800 డిగ్రీలు దాటేసరికి అది కాలి పొడిసున్నం అవుతుంది. కుండ చల్లారి, చక్కగా మోగుతూ బయటికి వస్తుంది. కొన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి నీళ్లు పోస్తారు. ఆ సున్నం తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. వారం పది రోజులకు కుండ మీద గోరంత పెచ్చు టప్పున ఊడిపోతుంది. ఊడిన గుంత నడిమధ్య తెల్లటి చుక్క ఉంటుంది. అదే సుద్ద. ఇలాంటివి నాలుగు చోట్ల లేస్తే కుండ కారుతుంది. కొన్నావిడ మళ్లీ మట్టికుండ జోలికి రాదు, ఫ్రిజ్ సీసాకు పోతుంది.

ఆవం సంగతీ అంతే. పచ్చికుండలో మిగిలిన తేమ మొదటి గంటల్లో నిదానంగా పోవాలి. మట్టి మరీ మెత్తనిదై ఇసుక తక్కువైతే ఆవిరి బయటికి రాలేక కుండ లోపలే పేలుతుంది. ఒకటి పేలితే దాని పెంకులు పక్కనున్న నాలుగింటిని పాడుచేస్తాయి. మంచి మట్టితో కూడా ఆరుబయట ఆవంలో పదింట ఒకటి రెండు పోవడం మామూలే. ఏ చెరువుదో తెలియని మట్టితో కాల్చినప్పుడు సగం పోయినా ఆశ్చర్యపోం. పిడకలూ, కట్టెలూ, పొట్టూ మాత్రం పూర్తిగానే ఖర్చయి ఉంటాయి.

ఇంకో మాట. పెళ్లికి ఐరేని కుండలు, బోనానికి కొత్త కుండ, ఉగాది పచ్చడికి ముంత, గీత కార్మికుడికి కల్లు లొట్టి, అంత్యక్రియలకు కుండ, ఇవన్నీ ఊళ్లో కుమ్మరి ఉన్నాడన్న ధీమాతో నడిచే పనులు. చావు జరిగిన ఇంటికి కుండ పట్నం నుంచి రాదు. పని మానేసిన కుమ్మరి ఇంట్లో తర్వాతి తరానికి సారె పట్టడం రాదు. పాతికేళ్లవాడికి కొత్తగా నేర్పితే నిండు కడవ ఎత్తడానికి ఏళ్లు పడుతుంది.

7. సారె వచ్చింది, మట్టి రాలేదు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో మాది ఒకటి. శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, తర్వాత 5 శాతం వడ్డీకి ముందు లక్ష, ఆపైన రెండు లక్షల వరకు అప్పు. ఖాదీ కమిషన్ 2018లో మొదలుపెట్టిన కుమ్హార్ సశక్తీకరణ్ మిషన్ కింద కరెంటు సారెలు, మట్టి కలిపే యంత్రాలు ఇస్తున్నారు. వీటికి కృతజ్ఞులం. కర్రతో తిప్పే సారె మీద నడుములు పడిపోయిన పెద్దవాళ్లు కరెంటు సారె మీద మళ్లీ కూర్చోగలుగుతున్నారు, ఆడవాళ్లు కొత్తగా నేర్చుకుంటున్నారు.

అయితే కరెంటు సారె పని పెంచుతుంది, పని పెరిగితే మట్టి కూడా రెట్టింపు కావాలి. మట్టి కలిపే యంత్రంలో రాయి పడితే లోపలి రెక్కలు వంగుతాయి, కాబట్టి మట్టి ఇంకా శుభ్రంగా ఉండాలి. అప్పు తీసుకున్న మొదటి నెల నుంచే వాయిదా మొదలవుతుంది. జూన్ దాటాక మట్టి లేక సారె ఖాళీగా ఉన్నా వాయిదా ఆగదు. ఒక శాఖ అప్పు ఇచ్చి, ఇంకో శాఖ ముడిసరుకు ఆపితే ఆ కుటుంబం ఏం చేయాలి?

8. పొగ విషయంలో మమ్మల్ని కలుపుకొని పోండి.

ఊళ్లు పెరిగి ఆవం పక్కకే ఇళ్లు వచ్చాయి. పొగ మీద ఫిర్యాదులు వస్తున్నాయి, న్యాయమే. పిల్లలూ ముసలివాళ్లూ పీల్చే పొగ అది, ముందుగా పీల్చేది మా ఇళ్లలోవాళ్లే. కానీ ఆవం ఆర్పెయ్యమనడం పరిష్కారం కాదు. మన ఆడపడుచులు వేసుకునే గాజులు తయారయ్యే, ఆగ్రా దగ్గరి ఫిరోజాబాద్‌ను చూడండి. తాజ్‌మహల్ చుట్టుపక్కల బొగ్గు వాడకం ఆపాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న తీర్పిచ్చింది. అక్కడి గాజు కొలిములకు బొగ్గు బదులు సహజవాయువు అందే ఏర్పాటు జరిగింది, గాజు పని ఆగకుండా కొనసాగింది. మాకూ అలాంటి దారి చూపండి. పది కుటుంబాలకు కలిపి ఒక గ్యాస్ బట్టీ, లేదా కింద నుంచి సెగ పైకి పోయేలా గోడలు, చిమ్నీ కట్టిన ఉమ్మడి బట్టీ ఊరి బయట ఇస్తే పొగ తగ్గుతుంది, పగిలే కుండలూ తగ్గుతాయి.

పై కారణాలతో ఈ కింది పనులు వచ్చే ఏప్రిల్ లోపు చేయాలని కోరుతున్నాం.

ఒకటి, ప్రతి మండలంలో కుమ్మరి కుటుంబాలు, వాళ్లు మట్టి తెచ్చుకునే చెరువుల జాబితా తయారు చేయించండి. ఆ చెరువులో ఐదారు చోట్ల మూడడుగుల లోతు నమూనా గుంతలు తవ్వించండి. పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. తడిమట్టిని పెన్సిల్ మందాన పామి వేలికి చుడితే పగలకూడదు. ఎండిన గడ్డ మీద నిమ్మరసం పిండితే నురగ పొంగకూడదు, పొంగితే సుద్ద ఉన్నట్టు. గాజు సీసాలో నీళ్లతో కలిపి రాత్రంతా ఉంచితే ఇసుక పాలు ఎంతో, బంక పాలు ఎంతో పొరల్లో కనిపిస్తాయి.

రెండు, పనికొచ్చే చోటును హద్దురాళ్లతో గుర్తించి చెరువు పటంలో రాయించండి. కట్ట వాలుకూ తూముకూ ఎంత దూరంలో తవ్వాలో మీ ఇంజనీరే చెప్పనివ్వండి. కట్టకు దెబ్బ తగిలే చోట మేము పార వెయ్యం.

మూడు, ఇకపై ఇచ్చే ప్రతి పూడికతీత టెండరులో ఒక షరతు చేర్చండి. గుర్తించిన చోట పై పొరను ముందు విడిగా తీయాలి, బంకమట్టిని వేరే కుప్పగా కుమ్మరి వాడ దగ్గర పోయాలి. ఆ పని జరిగిందని కుమ్మరులు సంతకం పెట్టాకే ఆ బిల్లు చెల్లించాలి.

నాలుగు, కుటుంబానికి ఏడాదికి పది ట్రాలీల మట్టికి సీనరేజి (ప్రభుత్వానికి కట్టే ఖనిజ రుసుము), పర్మిట్ లేకుండా రాష్ట్రస్థాయి ఉత్తర్వు ఇవ్వండి. దానికి తహసీల్దారు సంతకంతో మూడేళ్లు చెల్లే ఒక కార్డు చాలు. ప్రతి ట్రిప్పు కార్డు వెనక తేదీతో నమోదు చేస్తాం, పది దాటితే మీరే ఆపండి. ఆ ఉత్తర్వు నకలు పోలీస్ స్టేషన్లకు కూడా పంపండి. బండిని ఆపేది ఎక్కువగా అక్కడే.

ఐదు, చెరువు ఖాళీ చేసే తేదీని నెల ముందు గ్రామపంచాయతీ బోర్డు మీద రాయించండి.

ఆరు, పీఎం విశ్వకర్మ అప్పు ఇచ్చేముందు ఆ ఊళ్లో మట్టి ఎక్కడి నుంచి వస్తుందో జిల్లా కమిటీ అడగాలి. మట్టి లేకపోతే ముందు మట్టి చూపించాలి.

ఏడు, ఉమ్మడి బట్టీకి ఊరి బయట కనీసం పది గుంటల స్థలం ఇప్పించండి.

మొదటి పనికి మేము ఇప్పుడే సిద్ధం. మీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారినీ, ఒక సర్వేయరునూ పంపే రోజు చెప్పండి చాలు. పారలూ గడ్డపారలూ మేమే తెచ్చుకుంటాం. ఏ చెరువులో ఏ మూల ఏ పొర ఉందో మా పెద్దవాళ్లకు గుర్తుంది, వాళ్లు చూపిస్తారు.

ఇట్లు,
చెరువు మట్టితో బతికే కుమ్మరి కుటుంబాలు